మన చెర్వులకి స్పిన్నింగ్ రీల్‌ల ఏ లైన్ మేలు? మోనోనా, బ్రెయిడా, ఫ్లోరోనా

ముందే చెప్పేస్త, లైన్ అంటే రీల్ మీద చుట్టే గాలం దారం. తామరాకుల్ల, గుర్రపుడెక్కల కొర్రమట్ట కోసం రబ్బరు కప్ప (ఎర లెక్క వాడే బొమ్మ కప్ప) ఏసేటోళ్లకి బ్రెయిడ్, అంటే అల్లిన దారం. ఎర్రలో పిండి ముద్దో పెట్టి కట్ట మీద కూసునేటోళ్లకి మోనో, అంటే మామూలు నైలాన్. ఫ్లోరోకార్బన్ మాత్రం లీడర్ ముక్క (లైన్ కొసకి, గాలం దగ్గర కట్టే చిన్న ముక్క) వరకే, రీల్ నిండ చుట్టుడు దండగ. ఓపిక లేనోళ్లు ఈడికే ఆపి షాపుకి పోవచ్చు. ఎందుకు అట్ల అన్ననో తెల్సుకోవాలంటే మాత్రం జర లోపటికి పోవాలె, ఎందుకంటే పానగల్ ఉదయసముద్రంల మంచిగ పనిచేసిన లైనే సాగర్ బండల మీద ఒక్క రోజుల పాడైపోవచ్చు.

స్పిన్నింగ్ రీల్‌ల ఏసేటప్పుడు స్పూల్, అంటే లైన్ చుట్టి ఉండే గిరక, తిరగదు. లైన్ స్పూల్ అంచు మీదికెళ్లి చుట్టలు చుట్టలుగ జారి బయటికొస్తది, మల్ల హ్యాండిల్ తిప్పితే బెయిల్ అనే తీగ కమ్మి దాని సుట్టు తిరుక్కుంట లైన్ ఎక్కిస్తది. ఈ సంగతి పట్టుకుంటే సగం అనుమానాలు అక్కడ్నే తీరిపోతయి. లైన్ ఎంత మందంగ, ఎంత బిరుసుగ ఉంటే అంత స్ప్రింగు లెక్క స్పూల్ మీదికెళ్లి ఎగిరి దుంకుతది, గైడ్లకి, అంటే రాడ్డు మీది రింగులకి, రాసుకుంటది, దూరం పోదు. చేతి గాలానికి 0.50 ఎంఎం దారం వాడిన అలవాటుతోని చానమంది రీల్‌ల గూడ అదే ఎక్కిస్తరు, పెద్ద చేప పడితే తెగొద్దని భయం. కాని 2500, 3000 సైజు రీల్‌ల ఆ మందం దారం యాభై అరవై మీటర్లు పడితే ఎక్కువ, అది గూడ సరిగ్గ పోదు. చేతి గాలానికి బ్రేకు మన చెయ్యే, రీల్‌కి డ్రాగ్ ఉన్నది కదా, చేప గట్టిగ గుంజితే లైన్‌ని కొంచెం కొంచెం వదిలే బ్రేకు అది, అందుకే సన్నగ పోయినా ఏంగాదు.

ఇగ మోనో సంగతి. నైలాన్‌ని అమెరికాల డుపాంట్ కంపెనీ 1938ల బయటపెట్టింది, అప్పట్నించి ఇప్పటిదాక గాలం దారమంటే మొదట గుర్తొచ్చేది ఇదే. దీనికున్న పెద్ద గుణం సాగుడు. తెగే ముందు ఇరవై శాతం, కొన్నైతే అంతకన్న ఎక్కువ గూడ సాగుతయి. బొచ్చ, రోహు లాంటి చేపల మూతి మెత్తగ ఉంటది, గట్టిగ గుంజితే గాలం మూతి చీల్చుకోని బయటికొచ్చేస్తది, అసొంటి చేపలకి ఈ సాగుడే కాపాడ్తది. చేప ఒక్కసారి ఉరికినా లైన్ కొంత మింగేస్తది, డ్రాగ్ పెట్టుడు సరిగ్గ రానోళ్లకి ఇది పెద్ద అండ. ముడి ఎట్లేసినా పట్టుకుంటది, తడి చేసి గుంజితే చాలు. బండకి రాసుకున్నా సన్న బ్రెయిడ్ కన్న ఎక్కువసేపు ఆగుతది. ధర గూడ తక్కువ, చెడిపోతే తీసి పారేసి కొత్తది చుట్టుకోవచ్చు.

మోనోకి తక్కువలు లేవా అంటే ఉన్నయి. ఎండకి పాడైతది, మన దిక్కు ఏప్రిల్, మే ఎండల రాడ్డు బైకుకి కట్టుకోని తిప్పితే, ఇంటికొచ్చి స్లాబు మీద పడేస్తే ఆ లైన్ పెళుసుబారకుంట ఏం చేస్తది. నీళ్లు పీల్చుకుంటది, తడిసినంక కొంత బలం తగ్గుతది. నెలలకొద్ది స్పూల్‌ల ఉంటే చుట్టలు పడిపోయి, ఏసినప్పుడు ఆ చుట్టలు చుట్టలుగనే నీళ్ల మీద తేలుతది. అందుకే మోనోని సీజన్‌కి ఒకసారి మార్చుడే పద్ధతి. తీసిన పాత లైన్ మాత్రం కట్ట మీద పారెయ్యకుర్రి, కొంగల కాళ్లకి, బర్రెల కాళ్లకి చుట్టుకుంటది, నైలాన్ ఏండ్లకేండ్లు మట్టిల గూడ కరగదు. చిన్న ముక్కలుగ కోసి ఇంటికి తెచ్చి చెత్త డబ్బాల ఎయ్యుర్రి.

బ్రెయిడ్ అంటే పాలిథీన్ పోగులు అల్లిన దారం, డైనీమా, స్పెక్ట్రా అని పేర్లు ఇనే ఉంటరు. బ్రెయిడ్‌కి సాగుడు దాదాపు లేదు. 0.20 ఎంఎం బ్రెయిడ్ ఇచ్చే బలం నైలాన్‌ల కావాలంటే ఇంచుమించు రెట్టింపు మందం పెట్టాలె. సన్నగ ఉంటది, మెత్తగ ఉంటది, చుట్టలు పడదు, స్పిన్నింగ్ రీల్ మీదికెళ్లి జారినట్టు పోతది. నీళ్లకన్న తేలిక కాబట్టి పైన తేలుతది, పైన ఆడించే కప్పకి ఇంతకన్న ఏం కావాలె.

కొర్రమట్టకి బ్రెయిడ్ అని ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటే, అది మన రాష్ట్ర చేప అని గాదు, దాని నోరు అసొంటిది. ఎముక నోరు, గాలం దిగాలంటే గట్టిగ గుంజాలె. కప్పని మింగినంక ఒక్క క్షణం ఆగి గుంజుతం కదా, అప్పుడు మోనో ఉంటే మన బలమంత సాగుట్ల పోతది, ఇరవై ముప్పై మీటర్ల దూరంల గాలం దిగనే దిగదు. దిగినా చేప వెంటనే తామర కాడల్లకి, తుంగల్లకి దూరుతది, అక్కడ్నించి చెత్తతోని సహా ఈడ్చుకొచ్చే సత్తా బ్రెయిడ్‌కే ఉంటది. సన్న అల్లిక కాడల్ని కోసుకుంట గూడ వస్తది. చెర్వు శిఖంల సర్కారు తుమ్మ మొద్దులు మునిగి ఉన్న కాడ కొర్రమట్ట కోసం ఏసేటోళ్లు 30 పౌండ్ల బలానికి తక్కువ ఎక్కించకుర్రి, 40 అయినా తప్పులేదు. అక్కడ లీడర్ గూడ వద్దు, నేరుగ బ్రెయిడ్‌కే కప్ప కట్టేసుకోవచ్చు, ఆ చెత్తల చేప లైన్ చూసి భయపడేది ఏం లేదు, పైగా లీడర్ ముడి కాడల్ల ఇరుక్కుంటది.

నాలుగు పోగులదా ఎనిమిది పోగులదా అని అడుగుతరు. నాలుగు పోగులది గరుకుగ ఉంటది, గైడ్లల్ల సర్రుమని సప్పుడు చేస్తది, కాని చెత్తల గట్టిగ పనిచేస్తది, ధర తక్కువ. ఎనిమిది పోగులది నున్నగ, గుండ్రంగ ఉంటది, దూరం పోతది. కొర్రమట్టకి నాలుగే చాలు అనేది నా మాట, స్పిన్నర్లు (తిరిగే రేకు ఎరలు), చిన్న చిన్న లూర్లు (బొమ్మ ఎరలు) దూరం ఏసేటోళ్లు ఎనిమిది తీసుకోర్రి.

బ్రెయిడ్‌తోని తలనొప్పులు గూడ చెప్పాలె, షాపోళ్లు చెప్పరు. మొట్టమొదట బండలు. సాగర్ ఒడ్డున, సోమశిల దిక్కు కృష్ణ ఒడ్డు బండల మీద, గట్టిగ లాగి ఉన్న బ్రెయిడ్ పదునైన అంచుకి తగిలిందంటే పోగులు పోగులుగ లేచి పుట్టుక్కున పోతది. రెండోది, నున్నటి స్పూల్ మీద నేరుగ చుడితే మొత్తం చుట్టే గుండ్రంగ జారుతది, చేప గుంజితే డ్రాగ్ చెడిపోయింది అనుకుంటరు గని జారేది లైన్. కింద పది మీటర్లన్న మోనో చుట్టి దాని మీద బ్రెయిడ్ ముడేస్తే ఆ బాధ ఉండదు. మూడోది గాలి ముడులు, వదులుగ చుట్టుకున్న బ్రెయిడ్ తర్వాతి ఏటుకి గుత్తిగ బయటికొచ్చి చిక్కు పడ్తది, దాన్ని ఇప్పుకుంట కూసుంటే పొద్దుగూకుతది. ఇరుక్కున్న లైన్‌ని చేతికి చుట్టుకోని గుంజుడు మాత్రం అసలు చెయ్యొద్దు, వేలు కోసుకపోతది, ఒక కట్టె ముక్కకి చుట్టి గుంజుర్రి. మోనోకి ఏసే మామూలు క్లించ్ ముడి బ్రెయిడ్‌కి జారుతది, పాలోమార్ ముడి నేర్చుకోర్రి, రెండు నిమిషాల పని.

ఫ్లోరోకార్బన్ గురించి జనాలకి మోజు ఎక్కువ, నీళ్లల్ల కనపడదంట అని. దాంట్ల కొంత నిజమే. నీళ్ల వక్రీభవన గుణకం (వెలుతురుని ఎంత వంచుతదో చెప్పే లెక్క) 1.33, ఫ్లోరోది 1.42, నైలాన్‌ది 1.5 పైన, నీళ్లకి ఎంత దగ్గరుంటే అంత తక్కువ కనపడ్తది. కాని వానాకాలం మన చెర్వు నీళ్లు చాయ రంగుల ఉంటయి కదా, అందుల ఏ లైనైనా ఒకటే. చలికాలం నీళ్లు తేటపడ్డంక, సాగర్ల, డిండిల, చిన్న లూర్‌తోని ఆడేటప్పుడు పనికొస్తది, అది గూడ కొసకి ఒక మీటర్ ముక్క కడితే చాలు. రీల్ నిండ చుడితే బిరుసుకి చిక్కులు, ధర మోనో కన్న ఎంతో ఎక్కువ, నీళ్లకన్న దాదాపు 1.8 రెట్లు బరువు కాబట్టి మునిగిపోతది, పైన ఆడే కప్పని ముక్కు కిందికి గుంజుతది. ముడి తడి చెయ్యకుంట బిగిస్తే ఆ వేడికే బలం పోతది.

వాలుగ కోసం పోయేటోళ్లకి వేరే లెక్క. దానికి నోటినిండ సన్న పండ్లు, సన్న బ్రెయిడ్‌ని నమిలేస్తది. మెయిన్ లైన్ బ్రెయిడే ఉండనియ్యుర్రి, కొసకి 0.60 ఎంఎం మోనో రెండు జానల ముక్క కట్టుర్రి, ఫ్లోరో పెట్టి డబ్బులు పోగొట్టుకునుడు ఎందుకు, రాత్రి పూట బురద నీళ్లల్ల వాలుగ లైన్ చూసేదేముంది. జిలేబీలకి, చిన్న బంగారుతీగలకి 0.22 మోనో, ఒక చిన్న బెండు, అంతే, బ్రెయిడ్ ముచ్చటే వద్దు.

ప్యాకెట్ మీద పౌండ్లు చూసి కొనకుర్రి, ఎంఎం చూసి కొనుర్రి. ఊరూ పేరూ లేని బ్రెయిడ్ల మీద 80 పౌండ్లు అని రాసి ఉంటది, చేతిల పట్టుకుంటే తెలుస్తది ఎంత మందం ఉన్నదో, మందం పెంచి పౌండ్లు రాసుకుంటే బ్రెయిడ్ తీసుకునుట్ల లాభమే లేదు. 3000 రీల్‌కి మోనో అయితే 0.28 నుంచి 0.32, బ్రెయిడ్ అయితే 0.20 నుంచి 0.26, ఈ లెక్కల ఉంటే సరిపోతది. ఏది ఎక్కించినా డ్రాగ్ లైన్ బలంల మూడో వంతుకి మించకుంట పెట్టుర్రి. 12 పౌండ్ల లైన్ అంటే ఐదున్నర కిలోల కన్న తక్కువే, కాబట్టి స్ప్రింగు కాటా కట్టి గుంజితే కిలోన్నర, కిలో ముప్పావు దగ్గర డ్రాగ్ జారుడు మొదలు కావాలె.

చుట్టేటప్పుడు తడి గుడ్డతోని పట్టుకోని బిగువుగ చుట్టుర్రి, స్పూల్ అంచుకి రెండు ఎంఎం కిందికే ఆపుర్రి. ఏసినంక హ్యాండిల్ తిప్పి బెయిల్ మూసుడు మానేసి చేత్తోని మూస్తే మెలికలు సగం తగ్గుతయి. అయినా మెలిక పడితే కొసకి ఏం కట్టకుంట లైన్‌ని పారే నీళ్లల్లకి వదిలి, కాసేపు ఉంచి, వేళ్ల నడుమ పట్టుకోని చుట్టుకుంటే సర్దుకుంటది. సాగర్ కాల్వ నీళ్లు దీనికి మంచిగ పనిచేస్తయి, కాని కాల్వ గోడ మీద నిలబడి చెయ్యకుర్రి, జారితే ఎక్కుడు కష్టం, మెట్లున్న కాడ చూసుకోర్రి. ఇంకోటి, చెర్వు ఏదైనా మత్స్యకార సంఘం వాళ్లని అడిగే గాలం ఎయ్యుర్రి, వాళ్లు పిల్లలు వదిలి పెంచుకున్న చేపలు అవి.

డబ్బులు ఒక్కదానికే ఉన్నయంటే మోనోనే కొనుర్రి, మొదటిసారి రీల్ పట్టేటోళ్లకైతే ఇంకా మేలు. రీల్‌తోని రెండో స్పూల్ వచ్చిందంటే అండ్ల బ్రెయిడ్ ఎక్కించుకోని రెండూ సంచిల పెట్టుకోర్రి, ఆ రోజు నీళ్లు చూసి మార్చుకోవచ్చు. ఒక్క స్పూలే ఉండి బ్రెయిడే కావాలంటే సగం దాక పాత మోనో చుట్టి పైన ఒక వంద మీటర్లు బ్రెయిడ్ ఎక్కించుర్రి, మనం ఏసేది అంతకన్న దూరం ఎట్లాగూ పోదు. ఏడాది వాడినంక ఆ బ్రెయిడ్ ముందు కొస రంగు పోయి పోగులు లేస్తది, అప్పుడు మొత్తం ఇప్పి తిరగేసి చుడితే లోపలున్న కొత్త కొస ముందుకొస్తది, ఇంకో ఏడాది నడుస్తది.