లుకేమియా తగ్గిన పిల్లాడి ఇంటికి ఏ సాయం మేలు: ఇంటర్‌ప్రెటరా, స్పానిష్ కోర్సా, ప్రొమోతోరానా?

అమెరికాలో పిల్లలకు వచ్చే కేన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. అందులోనూ లాటినో పిల్లలకు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాల పిల్లలకు మరీ ఎక్కువ. రెండు మూడేళ్ల చికిత్స తట్టుకుని నూటికి 90 మంది దాకా బయటపడుతున్నారు. కొందరికి అసలు టెన్షన్ అక్కణ్నుంచే మొదలవుతుంది. జబ్బు మెదడుకు పాకకుండా వెన్నులోకి ఎక్కించే మెథోట్రెక్సేట్ లాంటి మందుల ప్రభావం ఏళ్ల తర్వాత బడిలో బయటపడుతుంది. లెక్క వస్తుంది, కానీ చేయడానికి తోటివాళ్లకన్నా చాలాసేపు పడుతుంది. టీచర్ మూడు పనులు ఒకేసారి చెబితే మొదటిది చేసి మిగతావి మర్చిపోతాడు.

ఇలాంటి పిల్లాణ్ని ఇంట్లో ఎలా చదివించాలో, బడితో ఎలా మాట్లాడాలో తల్లిదండ్రులకు నేర్పే శిక్షణ ఉంటుంది. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల స్పానిష్ మాత్రమే వచ్చిన తల్లికి అది మూడు దారుల్లో అందొచ్చు.

చవకైనది మొదటి దారి. ఇంగ్లిష్ కోర్సునే తీసుకుని పక్కన ఇంటర్‌ప్రెటర్‌ను కూర్చోబెడతారు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి కాబట్టి గంట క్లాసులో అరగంట పాఠమే మిగులుతుంది. అదైనా సర్దుకోవచ్చు. చిక్కంతా పాఠంలోనే ఉంది. ‘పిల్లాడికి చప్పుడు లేని గది ఇవ్వండి’ అని కాగితంలో ఉంటుంది. ఒక్క బెడ్‌రూమ్ ఇంట్లో ఆరుగురుంటారు. హోంవర్క్ చేసేది వంటింటి బల్ల మీద, పక్కనే అమ్మమ్మ టోర్టియాలు కాలుస్తుంటే. ఇంటర్‌ప్రెటర్ ఆ వాక్యాన్ని తప్పులేకుండా చెప్పగలరు, గదిని తెచ్చివ్వలేరు కదా! కొన్నిచోట్ల ఇంటర్‌ప్రెటర్ కూడా ఉండరు, ఇంట్లోని పెద్దపిల్లనే ఇంగ్లిష్ మాటల్ని స్పానిష్‌లో చెప్పమంటారు. అత్యవసరమైతే తప్ప మైనర్ పిల్లలతో ఆ పని చేయించకూడదని అక్కడి ఆరోగ్య చట్టం నిబంధనలు చెబుతున్నా సరే.

రెండో దారి, ఆ కుటుంబాల కోసమే స్పానిష్‌లో మలిచిన కోర్సు. దీనికి పునాది వేసినవాళ్లలో ప్యూర్టో రికోలో పనిచేసిన సైకాలజిస్ట్ గిల్యెర్మో బెర్నాల్ ఒకరు. ఒక పద్ధతిని వేరే సంస్కృతి వాళ్లకు మలిచేటప్పుడు మార్చి చూసుకోవాల్సిన అంశాలు ఎనిమిదని 1995లో ఆయన బృందం చెప్పింది. భాష అందులో ఒకటే. పాఠం ఎవరు చెబుతున్నారు, ఏ లక్ష్యం కోసం, ఏ పరిస్థితుల్లో ఉన్నవాళ్లకు అన్నవీ ఆ ఎనిమిదిలోనే ఉన్నాయి. లాస్ ఏంజెలెస్ దగ్గర డువార్టేలోని సిటీ ఆఫ్ హోప్ కేన్సర్ ఆస్పత్రి పరిశోధకులు లుకేమియా నుంచి బయటపడ్డ లాటినో పిల్లల తల్లిదండ్రులతో ఇలాంటి శిక్షణను నడిపి చూశారు.

మలచడమంటే ఏమిటో ఒక్క క్లాసు చూస్తే తెలుస్తుంది. ‘గండం గడిచి బయటపడ్డాడు, మళ్లీ చదువు పేరుతో ఏడిపించాలా?’ అని అమ్మమ్మ అంటుంది. మామూలు కోర్సు ఆమె మాట వినదు, అసలు ఆమెను పిలవనే పిలవదు. మలిచిన కోర్సు ఆమెనూ కూర్చోబెట్టి, అదే వంటింటి బల్ల మీద టీవీ ఆపి ఇరవై నిమిషాలు, ఒకసారికి ఒకే పని అన్న ఒప్పందానికి వస్తుంది. ఉత్తినే శభాష్ అనకుండా, ‘మూడో లెక్క దగ్గర ఆగిపోయినా వదల్లేదు’ అని మెచ్చుకోవడం నేర్పుతుంది.

అలాగని మలిచిన ప్రతిదీ గొప్పదేం కాదు. శాన్ డియాగోలో క్రిస్టెన్ మెక్‌కేబ్, మే యే మెక్సికన్ అమెరికన్ కుటుంబాలతో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. ఆ పిల్లలవి ప్రవర్తన సమస్యలు, కేన్సర్ కాదు. మలిచిన పద్ధతి అక్కడ దొరికే మామూలు సేవలకన్నా స్పష్టంగా మెరుగని తేలింది. కానీ మలచని అసలు పద్ధతితో పోల్చి చూస్తే గట్టి తేడా కనిపించలేదు. నాకు అర్థమైంది ఏమిటంటే, పని చేసేది ముందుగా గట్టి పాఠం. జెండాలు, పండుగల బొమ్మలు అంటించినంత మాత్రాన బలహీనమైన పాఠం బలపడదు.

మూడోది ప్రొమోతోరా, అంటే ఆ వాడలోనే ఉండే ఆరోగ్య కార్యకర్త. మన ఆశా కార్యకర్త లాంటి మనిషి. తలుపు తడితే లోపలికి రానిస్తారు, డాక్టర్‌కు చెప్పని భయాలు ఆమెకు చెబుతారు. అయితే మెదడు పనితీరును పరీక్షించి ఇచ్చే న్యూరోసైకాలజీ రిపోర్ట్‌లో ‘ప్రాసెసింగ్ స్పీడ్’ (మెదడు పని చేసే వేగం) పక్కనున్న అంకె చూసి, ఈ పిల్లాడిది బద్ధకం కాదని తేల్చిచెప్పడం ఆమె పని కాదు.

నన్నడిగితే రెండోదే. అదీ గుంపుగా కాదు, ఒక్కో కుటుంబంతో విడిగా. ఈ పిల్లల ఇళ్లు ఒకదానికొకటి దూరం, తల్లులకేమో సాయంత్రం షిఫ్టులు. కొన్ని క్లాసులు ఫోన్లో పెట్టినా నయమే. డబ్బు తక్కువైతే రంగుల పుస్తకాలు మానేసి, రెండు భాషలూ వచ్చిన థెరపిస్ట్‌ను ఉంచుకోవాలి. మధ్యలో తల్లి రాకపోతే వెళ్లి కనుక్కోవడానికి ప్రొమోతోరా ఉంటే ఇంకా మంచిది.

ఇంటర్‌ప్రెటర్ తప్పనిసరిగా కావాల్సిన చోటు బడిలో జరిగే ఐఈపీ మీటింగ్, అంటే ప్రత్యేక విద్య అవసరమైన పిల్లాడికి విడిగా చదువు ప్లాన్ వేసే సమావేశం. ప్రత్యేక విద్యకు అర్హత ఇచ్చే ఆరోగ్య సమస్యలకు ఉదాహరణగా ఫెడరల్ నిబంధనల్లో లుకేమియా పేరు నేరుగా ఉంది. తల్లిదండ్రులకు అర్థమయ్యేలా ఇంటర్‌ప్రెటర్‌ను ఏర్పాటు చేయాల్సిందీ బడే. కాలిఫోర్నియాలో రాతపూర్వకంగా కోరితే 15 రోజుల్లో ఏమేం పరీక్షలు చేస్తారో ప్లాన్ ఇవ్వాలి. ఇంత హక్కున్నా, టీచర్‌కు ఎదురు చెప్పడం మర్యాద కాదని పెరిగిన తల్లి అక్కడ తలూపి వచ్చేస్తుంది. అందుకే కోర్సులో ఒక క్లాసు మొత్తం దీనికే పెట్టాలి. థెరపిస్ట్ టీచర్‌లా కూర్చుంటే, తల్లి ‘మా వాడికి పరీక్షలో ఎక్కువ టైమ్ ఇవ్వండి’ అని పైకి అని అలవాటు చేసుకోవాలి.