టవర్ స్పీకర్లకు ఐసొలేషన్ ఫీట్ కొనేవారు బరువు లెక్క తెలియకుండా డబ్బు కట్టవద్దు

హనుమకొండ, కాజీపేట, వరంగల్ ప్రాంతాల్లో టవర్ స్పీకర్లు (నేల మీద నిలబెట్టే పొడవాటి స్పీకర్లు) వాడే మిత్రులు, కంపనం నేలకు చేరకుండా వాటి అడుగున బిగించే కాళ్లను, అంటే ఐసొలేషన్ ఫీట్‌ను, ఆన్‌లైన్‌లో కొనే ముందు దయచేసి ఇది చదవండి. నేను కొన్న పేజీలో ‘ఏ స్పీకరుకైనా సరిపోతాయి’ అని ఉందే తప్ప ఒక్కో ఫుట్ ఎన్ని కిలోలకు తయారైందో ఎక్కడా లేదు. అడిగితే ‘హెవీ డ్యూటీ’ అన్న జవాబే వచ్చింది.

అసలు చూడవలసింది ఆ అంకెనే. రబ్బరైనా స్ప్రింగైనా, మీద పడిన బరువుకు తగినంత కుంగినప్పుడే కంపనాన్ని ఆపుతుంది. బరువు చాలకపోతే గట్టి దిమ్మెలా నిలిచి కంపనాన్ని నేలకు పంపుతుంది, మితిమీరితే పూర్తిగా అణగిపోయి మళ్లీ అదే పని చేస్తుంది. స్పీకరు తన ఫీట్ మీద సహజంగా సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో (పౌనఃపున్యం), ఆపవలసిన కంపనం దానికి సుమారు 1.4 రెట్లు దాటాకే ఫలితం మొదలవుతుంది. ఆ ఊపు 10 హెర్ట్జ్ (సెకనుకు పదిసార్లు) దగ్గర ఉండాలంటే, స్ప్రింగు ఆ బరువుకు దాదాపు 2.5 మిల్లీమీటర్లు కుంగాలి.

మా స్పీకరు ఒక్కొక్కటి 24 కిలోలు. నాలుగు ఫీట్‌కు తలా 6 కిలోలని లెక్క వేయవచ్చు గానీ, డ్రైవర్ల (ధ్వని పుట్టించే భాగాల) అయస్కాంతాలు ముందువైపే ఉన్నందున భారం ఎక్కువగా ముందు రెండింటి మీదే మొగ్గింది. ఎండాకాలం ముదిరేసరికి వాటి అంచులు ఉబ్బి పక్కకు ఒరిగాయి, స్పీకరు ముందుకు వాలింది. వేలితో తాకితే ఊగుతోంది. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో ఇది నిజంగా ప్రమాదకరం. తీసి చూస్తే షాబాదు బండ మీద నల్లటి జిడ్డు వలయాలు కనిపించాయి. రబ్బరును మెత్తబరచడానికి కలిపే నూనె రాయిలోకి ఇంకితే సబ్బునీళ్లకు పోదు.

ఫీట్‌ను బిగించే బోల్టుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎం6 (మిల్లీమీటర్ల కొలత బోల్టు) అని చెప్పి మొదట పావు అంగుళం బోల్టులు పంపారు. ఎం6 మందం 6 మిల్లీమీటర్లు, పావు అంగుళానిది 6.35, కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. బోల్టు తొలి చుట్లలోనే బిగుసుకుంటే స్పానరు పట్టవద్దు, అడుగు చెక్కలోని ఇన్సర్టు (బోల్టు దిగే మర గొట్టం) పాడైపోతుంది. ఫిర్యాదు చేశాక సరైన బోల్టులు పంపారు, కానీ ఫీట్ మాత్రం అవే.

చెక్క నేల ఉన్న ఇళ్లలో ఇవి చేసే మేలు, మట్టి మీద బండలు పరచిన మన నేలల్లో చాలావరకు కనిపించదు. బేస్ గుమ్మని మోగడానికి తరచూ గదే కారణం: 12 అడుగుల పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ దగ్గర స్వరం ఉబ్బుతుంది, ఏ ఫుట్ దాన్ని తగ్గించలేదు. ముందుగా స్పీకర్లను గోడకు దూరం జరిపి వినండి.

‘వాడిన సరుకు’ అంటూ అమ్మకందారు వాపసు నిరాకరించారు. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వాపసు తీసుకోనని చెప్పడానికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు ఇచ్చాను. ఇవే ఫీట్ కొన్నవారు బిల్లును, పేజీ స్క్రీన్‌షాట్లను ఇప్పుడే భద్రపరచుకోండి. నా ఫిర్యాదు తర్వాత ఆ పేజీలో ‘ఏ స్పీకరుకైనా’ అన్న మాటను చడీచప్పుడు లేకుండా తీసేశారు.