తొమ్మిదేళ్లు క్రాన్ వాడాక

బెంగళూరు మారతహళ్లిలోని మా చిన్న ఆఫీసులో సర్వర్లు చూసుకునే పని 9 ఏళ్లుగా నాదే. రాత్రి బ్యాకప్, పొద్దున వెళ్లే రిపోర్టులు, పాత లాగ్‌లు తీసేయడం, అన్నీ క్రాన్ మీదే నడిచాయి. మనం చెప్పిన టైమ్‌కు పనులను తనంతట తానే నడిపే ప్రోగ్రామ్ అది. మెషిన్ ఆన్‌లో ఉండగా క్రాన్ టైమ్ తప్పడం నేను ఒక్కసారీ చూడలేదు. లినక్స్‌లో ఎక్కువగా కనిపించే క్రాన్‌కు మూలం పాల్ విక్సీ 1987లో రాసిన ప్రోగ్రామ్. ఐదు గడులు నింపితే చాలు: నిమిషం, గంట, తేదీ, నెల, వారం (సోమ, మంగళ లాంటివి).

దీంతో నేను పడ్డ బాధంతా, పని చెడినా అది నోరు విప్పకపోవడం వల్లే. మొదటి ఏడాది బ్యాకప్ స్క్రిప్టును చేత్తో నడిపితే బాగానే నడిచింది. క్రాన్‌లో పెట్టాక మూడు వారాలు ఖాళీ ఫైళ్లు తయారయ్యాయి. క్రాన్ మన లాగిన్ సెట్టింగులు చదవదు, దాని పాత్‌లో, అంటే కమాండ్ల కోసం అది వెతికే జాబితాలో, ఒకటి రెండు ఫోల్డర్లే ఉంటాయి. డేటాబేస్‌ను ఫైలుగా తీసే డంప్ కమాండ్ దొరకలేదు, ఫైళ్లను కుదించే జీజిప్ మాత్రం ఏమీ లేనిదాన్నే కుదించి ఫైలు చేసి పెట్టింది. ఎర్రర్‌ను క్రాన్ మెయిల్ చేస్తుంది కానీ ఆ సర్వర్‌లో మెయిల్ ప్రోగ్రామే లేదు. ఒక కస్టమర్ పాత డేటా అడిగిన రోజు సంగతి బయటపడింది. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి ప్రతి కమాండ్‌కూ పూర్తి దారి రాస్తున్నాను, ఎర్రర్లతో సహా అంతా లాగ్‌లోకి పంపుతున్నాను.

తేదీ, వారం రెండూ ఇస్తే రెండూ కలిసిన రోజే నడుస్తుందనుకోకండి. 1వ తేదీ, సోమవారం అని రాస్తే ప్రతి 1వ తేదీకీ, ప్రతి సోమవారానికీ నడుస్తుంది. సర్వర్ యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటే, మన ఉదయం 6 గంటలకు అక్కడ 0:30 అని రాయాలి. పది నిమిషాలకోసారి నడిచే పని ఇరవై నిమిషాలు పట్టడం మొదలైతే ఒకదాని మీద ఒకటి పడతాయి, ముందుది అయ్యేదాకా రెండోది మొదలవకుండా ఆపే ఎఫ్‌లాక్ కమాండ్ తప్పనిసరి.

మా టీమ్‌లో కొత్తగా చేరిన నెల్లూరు కుర్రాడు క్రాన్ పనుల జాబితాను మార్చే క్రాన్‌ట్యాబ్ మైనస్ ఈ కమాండ్ కొట్టబోయి, ఈ పక్కనున్న ఆర్ నొక్కాడు. ఆర్ అంటే జాబితా చెరిపేయడం. అడగకుండానే మొత్తం పోయింది. "అన్నా, తిరిగి రాదా?" అన్నాడు. ఫైళ్ల పాత రూపాలను దాచిపెట్టే గిట్‌లో కాపీ ఉంది కాబట్టి పెట్టుకోగలిగాం.

రెండేళ్ల క్రితం ఆఫీసు మెషిన్‌లోని బ్యాకప్‌ను సిస్టమ్‌డీ టైమర్‌కు మార్చాను. లినక్స్‌లో క్రాన్ లాంటి పనే చేసే మరో ఏర్పాటు ఇది. కరెంటు పోయి మెషిన్ ఆగిన రాత్రి క్రాన్ ఆ పని వదిలేసేది. టైమర్‌లో పర్సిస్టెంట్ అనే సెట్టింగ్ పెడితే మెషిన్ లేవగానే తప్పిన పని చేస్తుంది. చివర ఎప్పుడు నడిచిందో, మళ్లీ ఎప్పుడో ఒక్క కమాండ్‌తో తెలుస్తుంది. ఒక పనికి రెండు ఫైళ్లు రాయాలి, అది విసుగే. అందుకే చిన్న పనులు క్రాన్‌లోనే ఉంచాను.

ఏది వాడినా సోమవారం సాయంత్రం ఒక బ్యాకప్‌ను తెరిచి, అందులో ఒక టేబుల్ చూసుకున్నాకే ఇంటికి బయలుదేరతాను.