ఉక్కు ఫ్యాక్టరీకి ఏ చోటు మేలు: గని పక్కనా, రేవు పక్కనా, రాచగున్నేరిలోనా?

తిరుపతిలో గ్రూప్స్‌కు చదివేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: శ్రీకాళహస్తి పక్కనున్న రాచగున్నేరి దగ్గర ఇనుప గని లేదు, బొగ్గు గని లేదు, రేవూ లేదు. మరి అక్కడ బ్లాస్ట్ ఫర్నేస్ (ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిమి) ఎందుకు పెట్టారు?

ముందు తూకం చూద్దాం. టన్ను కరిగిన ఇనుము దిగాలంటే 62 శాతం ఇనుమున్న ఖనిజం సుమారు 1.6 టన్నులు, కోకింగ్ బొగ్గు (కాల్చి కోక్‌గా మార్చే రకం) సుమారు 0.8 టన్నులు కావాలి. సున్నపురాయి, డోలమైట్ అదనం.

బళ్లారి పక్కన తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీకి గనులు దగ్గరే కాబట్టి ఖనిజం పెద్దగా ప్రయాణించదు. బొగ్గు 0.8 లోపలికి, సరుకు 1 బయటికి, మొత్తం 1.8 టన్నుల మోత. విశాఖకు బొగ్గు గుమ్మంలోనే దిగుతుంది గానీ, ఖనిజం ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి కిరండూల్ లైను మీద రావాలి. సరుకు దేశం లోపలికే పోతే మోత 2.6. ఓడెక్కితే 1.6, అప్పుడు రేవుదే గెలుపు. విశాఖకు అసలు దెబ్బ దూరం కాదు, సొంత గని లేకపోవడం; ఖనిజం మార్కెట్ ధరకు కొనాల్సిందే. ఇక రాచగున్నేరికి ఖనిజం, బొగ్గు, సరుకు మూడూ కదలాలి: 3.4. ఈ లెక్కన పోటీలోనే ఉండకూడదు.

కానీ అక్కడ తయారయ్యేది రేకు చుట్టలు కాదు, డక్టైల్ ఐరన్ (పెళుసుతనం తగ్గించిన పోత ఇనుము) గొట్టాలు. తేడా అంతా ఇక్కడే. వెయ్యి మిల్లీమీటర్ల గొట్టం, అయిదున్నర మీటర్ల పొడవుది, సుమారు రెండు టన్నులు. ట్రైలర్ మీద ఎనిమిది ఎక్కించేసరికి చోటు అయిపోతుంది, బరువు చూస్తే 16 టన్నులే. మిగతా కిరాయి గాలికి కట్టినట్టే. పెద్ద గొట్టంలో చిన్నది దూర్చి పంపొచ్చు గానీ, లోపలి సిమెంట్ పూత పగిలితే సైటు దగ్గర ఇంజినీరు వెనక్కి పంపుతాడు. ఖనిజానికి, బొగ్గుకు ఈ బాధ లేదు, వ్యాగన్ బరువుకు నిండుతుంది. అందుకే ముడిసరుకును దూరం నుంచి తెచ్చుకుని, గొట్టాన్ని మాత్రం తాగునీటి పథకాలకు దగ్గరగా పోసుకోవడం లాభం. రేణిగుంట–గూడూరు లైను పక్కనే ఉండటంతో ఖనిజం గుంతకల్లు మీదుగా, బొగ్గు కృష్ణపట్నం వైపు నుంచి రైల్లోనే చేరే వీలుంది.

ఒక జాగ్రత్త: బొగ్గునే తెచ్చుకోవాలి, కోక్‌ను కాదు. ఎత్తి దించిన ప్రతిసారీ కోక్ చితుకుతుంది. చితికిన పొడి కొలిమిలో గాలిదారిని మూసేస్తుంది, అది ఎక్కువగా సింటర్‌కే (ఖనిజం పొడిని కాల్చి గడ్డ కట్టించడానికి) పనికొస్తుంది. అందుకే బొగ్గును కోక్‌గా మార్చే కోక్ ఓవెన్ కొలిమి పక్కనే ఉండాలి.

కాబట్టి కడ్డీలు, చుట్టలైతే నా ఓటు గనికే, గొట్టాలైతే మన రాచగున్నేరికే. అయితే ఇక్కడ ఏటా పది లక్షల టన్నుల ఉక్కు ప్లాంటు కడదామంటే మాత్రం ఒప్పుకోను. టన్నుకు మూడు నాలుగు ఘనపు మీటర్ల కొత్త నీరు కావాలి. స్వర్ణముఖిలో వానలప్పుడు తప్ప పారకం ఉండదు. తోరణగల్లుకు తుంగభద్ర, ఆలమట్టి ఉన్నాయి.

తుక్కును కరెంటుతో కరిగించే ఇండక్షన్ ఫర్నేస్ సంగతంటారా? కరెంటు చౌకగా, చెన్నై కార్ల కంపెనీల కోత ముక్కలు దగ్గరగా ఉంటే సత్యవేడు వైపు పెట్టుకోవచ్చు. తుక్కులో ఫాస్ఫరస్ ఎక్కువుంటే అది కడ్డీలోనే మిగిలిపోతుంది, ఆ కొలిమిలో వదలదు.