నల్లమలలో పులి వదిలేసింది, లాడ్జి వాడు వదల్లేదు

జనవరి చివర్లో ఓ శుక్రవారం సాయంత్రం 4కి గుంటూరు నుంచి కార్లో శ్రీశైలం బయల్దేరాం. నేను, మా ఆవిడ, అత్తయ్యగారు, బామ్మర్ది, మా పిల్లాడు. నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం, యర్రగొండపాలెం, దోర్నాల. రోడ్డు గురించి చెప్పడానికేం లేదు. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి, దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ గేటు రాత్రి 9కి మూసేస్తే మళ్ళీ పొద్దున 6కే తీసేది. రాత్రిపూట జంతువులు రోడ్డు దాటతాయి, బండ్ల కింద పడి చస్తున్నాయని ఆ రూలు. మా బామ్మర్ది వినుకొండలో టీ అని దిగి ముప్పావుగంట తినేశాడు, గేటు దగ్గరకొచ్చేసరికి 8:40, అప్పటిదాకా మా ఆవిడ ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

ఇక లాడ్జి. ఫోన్లో బుక్ చేశా, "ఫారెస్ట్ వ్యూ ఏసీ", రూముకి 2,200, రెండు రూములు 4,400, పైగా 500 డిపాజిట్ అట, వెళ్ళేటప్పుడు ఇస్తాడట. రాత్రి ఏం కనపడదు కదా, పొద్దున్నే కిటికీ తీస్తే చేతికి అందేంత దగ్గర్లో పక్క బిల్డింగు గోడ, దాని మీద నల్లటి నీళ్ళ ట్యాంకు, ట్యాంకు మీద ఒక కోతి కూర్చుని మా వైపే చూస్తోంది. అదే ఫారెస్టు, అదే వ్యూ. ఏసీ రిమోట్‌లో బ్యాటరీలు లేవు, అడిగితే "చలికాలం ఏసీ ఎందుకు సార్" అన్నాడు, మరి ఏసీకి డబ్బులెందుకు తీసుకున్నావయ్యా అంటే ఇంకో ఫోన్ ఎత్తాడు. వేణ్ణీళ్ళు బకెట్ 40. దిండు గలీబు మీద ఎవరిదో నుదుటి విభూతి మూడు గీతలూ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి, నేను కిందకెళ్ళి గొడవ పడదామంటే అత్తయ్యగారు "పోనీలే బాబూ, స్వామి ప్రసాదం అనుకో" అన్నారు. ఆవిడ రూములో దిండ్లు బానే ఉన్నాయి లెండి.

శనివారం దర్శనం, పాతాళగంగ, సాక్షి గణపతి, అన్నీ సాఫీగా అయిపోయాయి.

ఆదివారం పొద్దున్నే తుమ్మలబైలు సఫారీకి పోయాం, శ్రీశైలం నుంచి దోర్నాల వైపు వెనక్కి రావాలి. సొంత బండ్లు లోపలికి పోనివ్వరు, వాళ్ళ జీపే ఎక్కాలి. ఐదుగురికీ కలిపి మాకైంది లాడ్జి ఒక్క రాత్రి అద్దెలో సగం లోపే. మా బామ్మర్ది పులి ఫొటో కోసం గుంటూరులో పెద్ద లెన్స్ అద్దెకు తెచ్చాడు, రోజుకి 900, మూడు రోజులకి 2,700. ఎక్కంగానే గైడ్‌ని "పులి గ్యారంటీనా?" అని అడిగాడు. గైడ్ చెంచు కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో, నవ్వి "మేం ఈ అడవిలోనే పుట్టాం అన్నా, మాకే గ్యారంటీ లేదు" అన్నాడు.

మొత్తం ట్రిప్పులో ఇచ్చిన డబ్బులకి న్యాయం చేసింది ఈ అబ్బాయొక్కడే. ఒక చోట జీపు ఆపించి దుమ్ములో అడుగు చూపించాడు. వేళ్ళు నాలుగు, గోళ్ళ గుర్తు లేదు చూడండి, కుక్క అడుగైతే గోళ్ళు పడతాయి, పులి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి లాక్కుంటుంది అన్నాడు. కాస్త కోలగా ఉంది కాబట్టి ఆడపులి అయ్యుంటుందట. ఇంకాస్త ముందుకెళ్ళాక ఒక చెట్టు బెరడు మీద పైనుంచి కిందకి గీతలు, మా పిల్లాడు చెయ్యెత్తి ఎగిరినా అందలేదు. అక్కడే గాలి పీల్చమన్నాడు, పులి హద్దు కోసం మూత్రం చిమ్మిన చోట ఉడుకుతున్న అన్నం వాసనొస్తుందంట. నాకేం రాలేదు గానీ అత్తయ్యగారు మాత్రం "అవును, బాస్మతి" అన్నారు ఠక్కున. దారికి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు చెట్లకి కెమెరాలు కట్టున్నాయి. రెండెందుకు, ఒకటి చాలదా అన్నా నేను. పులికి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు ఒకలా ఉండవు, రెండు వైపులా ఫొటో పడితేనే ఏ పులో తేలుతుంది అన్నాడు. మన వేలిముద్రల్లాగా ఏ పులి చారలు దానివేనంట.

ఎలుగుబంటి చెదల కోసం గోకి పారేసిన పుట్ట చూశాం, మట్టి ఇంకా తడిగానే ఉంది. దుప్పులు ఓ గుంపు, పైన కొమ్మల్లో కొండముచ్చులు, అవి తిని పడేసిన ఆకులు కింద దుప్పులు తింటున్నాయి. ఉన్నట్టుండి ఎక్కడో కణితి, అదే సాంబార్ జింక, అరిచింది, ఒక్కటే, గట్టిగా, హారన్ కొట్టినట్టు. గైడ్ చెయ్యెత్తాడు, డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. దుప్పులన్నీ తల ఎత్తి ఒకే వైపు చూస్తున్నాయి, ఒకటి ముందుకాలు నేలకేసి కొడుతోంది. మా పిల్లాడు నా మోచెయ్యి పట్టుకున్న పట్టుకి గోళ్ళ గుర్తులు పడ్డాయి. పది నిమిషాలు అలాగే కూర్చున్నాం. ఏమీ రాలేదు. కానీ ఆ పది నిమిషాలు నాకింకా ఒంట్లోనే ఉన్నాయి.

మా బామ్మర్ది మూతి ముడిచాడు. "ఇంత అడవి పెట్టుకుని ఒక్క పులిని చూపించలేరా బావా" అని. ఒరేయ్, ఇది 1983లో ప్రాజెక్ట్ టైగర్లోకొచ్చిన అడవి, రెండు రాష్ట్రాలూ ఒకటిగా ఉన్నప్పుడు 3,568 చదరపు కిలోమీటర్లు, దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వ్, విడిపోయాక అటు పక్కది అమ్రాబాద్ అయింది, అంత అడవిలో పులికి నీ లెన్స్ ముందుకే రావాలని ఏముంది అన్నా. 2,700 పెట్టి వాడికి దక్కింది కణితి పిరుదులు, అవీ బ్లర్.

దిగేటప్పుడు అత్తయ్యగారు గైడ్‌ని మీరు మల్లన్నకి మొక్కుతారా బాబూ అని అడిగితే, "మొక్కడమేంటమ్మా, చెంచు మల్లయ్య మా అల్లుడు, మా పిల్లని చేసుకున్నాడు" అన్నాడు. ఆవిడ నా వైపు చూసిన చూపు ఎందుకో నాకర్థం కాలేదు. ఆ అబ్బాయికి చేతిలో 200 పెట్టాం, ఇంకో వంద ఇవ్వాల్సిందని మా ఆవిడ గుంటూరు దాకా అంటూనే ఉంది.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. సఫారీకి పొద్దున మొదటి జీపే పట్టుకోండి, తెల్ల చొక్కాలు, సెంట్లు వద్దు, పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి. వానాకాలం పోవద్దు, సఫారీలు ఆపేస్తారు. కోతులకి అరటిపళ్ళు వెయ్యడం మానండి, అవి రోడ్డు మీదే కాపురం పెట్టి బండ్ల కింద పడుతున్నాయి. తిరుగు దారిలో దోర్నాల మెస్సులో 100 రూపాయల భోజనం, గోంగూర పప్పు రెండుసార్లు అడిగినా మొహం మాడ్చలేదు. రూము మాత్రం కిటికీ తీసి చూశాకే డబ్బు కట్టండి, ఫోన్లో ఒక్క రూపాయి కూడా వెయ్యొద్దు.

డిపాజిట్ 500 ఇంకా రాలేదు. "మల్లన్న మీద ఒట్టు సార్, రేపేస్తా" అని మూడు వారాల నుంచి అంటున్నాడు, నిన్న చేస్తే కట్ చేశాడు. పొద్దున మళ్ళీ మా ఆవిడ నంబర్ నుంచి చేశా, ఎత్తి "ఫారెస్ట్ వ్యూ కావాలా మేడం" అన్నాడు.