ఫ్యాషన్ బొమ్మా, వ్యంగ్యచిత్రమా: ఆనాటి పారిస్‌ను ఎందులో చదవాలి?

పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి దుస్తుల గురించి రాసినప్పుడల్లా పాఠకులు అదే ప్రశ్న అడుగుతున్నారు. ఏ దుస్తులకు సమాజంలో ఏ అర్థం ఉండేదో తెలియాలంటే కొత్త దుస్తులు చూపడానికి పత్రికల్లో అచ్చేసిన ఫ్యాషన్ బొమ్మలు చూడాలా, ఆనాటి చిత్రకారులు దోమియే, గవార్నీల వ్యంగ్యచిత్రాలు చూడాలా?

వ్యంగ్యచిత్రమే మేలనేవారి వాదనలో బలముంది. ఫ్యాషన్ బొమ్మ పుట్టిందే అమ్మకం కోసం. అందులో వీధి బురద ఉండదు, దర్జీకి పడ్డ బాకీ ఉండదు, ముసలితనం అసలే ఉండదు. ఉక్కు చట్రంతో క్రినోలిన్ గౌన్లు గంటల్లా విచ్చుకున్న రోజుల్లో, 1857లో, ఊళ్లోకి తెచ్చే సరుకు మీద వేసే ఆక్ట్రాయి సుంకం ఎగ్గొట్టడానికి అవి ఎంత బాగా పనికొస్తాయో దోమియే బొమ్మ గీసి చూపించాడు. మన పట్టణాల్లోనూ వినిపించిన ఆ ఆక్ట్రాయి అన్న మాట ఫ్రెంచివాళ్లదే. అదే గౌను వీధిలోకి వస్తే జనం ఎలా చూశారో ఫ్యాషన్ పత్రికలో వెతికితే దొరకదు.

అయినా ముందు ఫ్యాషన్ బొమ్మనే చూడమంటాను. కట్టుబాటు తెలియనివారికి దాన్ని ఎవరు దాటారో కనిపించదు. ఆ కట్టుబాట్లన్నీ ఈ బొమ్మల్లోనే ఉన్నాయి.

తరచూ కనిపించే దృశ్యం ఒకటి తీసుకోండి. అతిథుల గది, ఇద్దరు స్త్రీలు. ఒకామె తలపై బోనెట్, గడ్డం కింద రిబ్బను ముడి, చేతులకు తొడుగులు. రెండో ఆమె తల మీద ఏమీ లేదు. ఇల్లు ఎవరిదో ఇక అడగనక్కర్లేదు. చూడవచ్చిన ఆమె బోనెట్ తీయదు, ఇంటావిడకు దాని అవసరం లేదు. మెడా భుజాలూ కనిపించే గౌను అయితే అది రాత్రి విందుకో నాట్యానికో. భుజాన కాశ్మీరు శాలువా ఉంటే ఆమె చాలావరకు పెళ్లయిన మనిషే. వరుడు పంపే కానుకల్లో ఆ శాలువాకు పెద్ద చోటుండేది, పెళ్లికాని పిల్లకు అది తగదనేవారు.

అయితే చట్రం కట్టి అమ్మే విడి బొమ్మతో సరిపెట్టుకోకండి, పత్రిక సంచిక మొత్తం తిరగేయండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. 1860లో మొదలైన 'లా మోడ్ ఇలుస్త్రే'కు అనాయిస్ తుదూజ్ వంటి స్త్రీలు బొమ్మలు గీశారు. బొమ్మలో ఉన్నది తోటలో తీరిగ్గా నిలబడ్డ దొరసాని. అదే పత్రికతో వచ్చేవి ఇంట్లో కత్తిరించి కుట్టుకోవడానికి నమూనాలు. అంటే ఆ దొరసానిని చూస్తూ సూది పట్టిన గృహిణి కూడా పాఠకురాలే. ఆమె ఆశ ఎంతదో, చేతిలో సొమ్ము ఎంతదో ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే అర్థమవుతుంది.

1854లో ఫోటోగ్రాఫర్ దిస్దెరి పేటెంటు తీసుకున్న చిన్న ఫోటో కార్డులూ ఉన్నాయి. మనుషులు నిజమైనవారే కానీ రంగులు తెలియవు.

గవార్నీ ఫ్యాషన్ బొమ్మలూ గీశాడు, వ్యంగ్యచిత్రాలూ గీశాడు. 1830లో 'లా మోడ్' పత్రికకు దుస్తుల బొమ్మలు గీసినవాడే, 1841 నుంచి వ్యంగ్య పత్రిక 'షారివారి'లో లోరెత్‌లను గీశాడు. నోత్ర్ దామ్ ద లోరెత్ చర్చి చుట్టుపక్కల ఉంటూ ప్రియుల సొమ్ముతో బతికిన ఆడవాళ్లకు ఆ పేరు. గౌనును బట్టి వాళ్లను గొప్పింటి స్త్రీల నుంచి విడదీయడం కష్టం. సోఫాలో ఒరిగిన తీరు, బొమ్మ కింది మాటలు అసలు సంగతి చెబుతాయి. 'లా మోడ్' బొమ్మల్లో నిటారుగా నిలబడ్డ స్త్రీలను చాలాకాలం చూశాకే ఆ ఒరగడం నా కంటపడింది.