ఈమ్ ఊరు చూడాలంటే పొలిమేర రాయి దాకా నడవాలి

ఇంగ్లాండ్‌లో మాంచెస్టర్ నుంచి పీక్ డిస్ట్రిక్ట్ కొండ ప్రాంతం అనగానే మనవాళ్ళు ఎక్కువగా కాసిల్టన్ గుహలు, మామ్ టోర్ కొండ చూసుకుని వచ్చేస్తుంటారు, అవీ బాగుంటాయి, కానీ ఒక్క ఊరికే టైం ఉంటే నేను ఈమ్‌కే వెళ్ళమంటాను. డర్బీషైర్‌లో కొండవాలు మీద చిన్న ఊరు, ఉత్తరాన ఇసుకరాతి గట్టు, దక్షిణాన సున్నపురాయి నేల, ఒకప్పుడు ఇక్కడ సీసం గనులుండేవి.

1665లో లండన్ నుంచి టైలర్ ఇంటికొచ్చిన గుడ్డల మూటతో ప్లేగు వచ్చిందని చెప్తారు, అక్కడ పనిచేసే జార్జ్ వికార్స్ సెప్టెంబర్‌లో ముందు పోయాడు. మరుసటేడు జూన్‌లో చర్చి పాస్టర్ మాంపెసన్, అంతకుముందు పాస్టర్‌గా చేసిన స్టాన్లీ కలిసి ఊళ్ళోవాళ్ళని ఒప్పించారు, పొలిమేర దాటి ఎవరూ వెళ్ళొద్దని. పక్క ఊళ్ళు బతకాలని వీళ్ళు ఊళ్ళోనే ఉండిపోయారండీ, సుమారు 260 మంది పోయారు, మాంపెసన్ భార్య కాథరిన్ సమాధి చర్చి ఆవరణలోనే ఉంది.

మెయిన్ రోడ్డు మీద ప్లేగు ఇళ్ళ ముందు చనిపోయినవాళ్ళ పేర్లతో బోర్డులుంటాయి, వాటిలో ఇప్పటికీ జనం ఉంటున్నారు కాబట్టి కిటికీల్లోకి తొంగిచూడకండి. మ్యూజియం చిన్నదే గానీ టికెట్‌కి న్యాయం చేస్తుంది, చలికాలం మూసేస్తారు, ముందే చూసుకోండి.

అసలు చూడాల్సింది స్టోనీ మిడిల్టన్ వైపు పొలాల్లో ఉన్న పొలిమేర రాయి. పైన ఆరు గుంటలు, అంచులు అరిగి నున్నగా ఉన్నాయి, డబ్బుల ద్వారా రోగం అంటకుండా వాటిలో వెనిగర్ పోసి డబ్బులు పెడితే అవతలి ఊరివాళ్ళు తిండి పెట్టి వెళ్ళేవాళ్ళట. వేలు పెట్టి చూస్తే గుంట లోతు తెలుస్తుంది, అక్కడ నుంచుని చూస్తే పక్క ఊరు ఎంత దగ్గరో కూడా తెలుస్తుంది, వెళ్ళిపోవాలంటే అడ్డుకునే గోడేం లేదు! ఇంకోవైపు రైలీ సమాధులు, ఎలిజబెత్ హాంకాక్ ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తనే పూడ్చిపెట్టుకున్న చోటు, పిల్లలతో వెళ్తే ముందే చెప్పి తీసుకెళ్ళండి.

మేం పబ్ పైన రూమ్ తీసుకున్నాం, శుభ్రంగా ఉంది కానీ రాత్రి కింద గోలకి నిద్ర లేదు, పైగా రేటెక్కువ, బడ్జెట్ చూసుకునేవాళ్ళకి హాథర్‌సేజ్‌లో ఉండటం నయం, అక్కడ రైల్వే స్టేషన్ కూడా ఉంది. వెజ్ వాళ్ళకి పెద్దగా ఆప్షన్స్ ఉండవు, పులిహోర కట్టుకెళ్ళండి. వాన పడితే పొలాల దారి బురదే, మంచి బూట్లు వేసుకోండి, తిరుగు బస్సు టైం మాత్రం దిగగానే చూసిపెట్టుకోండి.